ఫెర్పా: దాచే చట్టం కన్నా ముందు చూపించే చట్టం

అమెరికాలో చదువుతున్న పిల్లల గ్రేడ్లు ఎలా ఉన్నాయో కనుక్కుందామని తల్లిదండ్రులు యూనివర్సిటీకి ఫోన్ చేస్తే, రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి వచ్చే జవాబు సాధారణంగా ఒకటే: ఫెర్పా ఒప్పుకోదు, చెప్పలేం. ఫీజు కట్టింది మేమే కదా అన్నా లాభం ఉండదు. ఫెర్పా అంటే ఫ్యామిలీ ఎడ్యుకేషనల్ రైట్స్ అండ్ ప్రైవసీ యాక్ట్, విద్యార్థి రికార్డుల మీద ఎవరికి ఏ హక్కు ఉందో చెప్పే అమెరికా ఫెడరల్ చట్టం. చాలామందికి ఆ చట్టం పేరు మొదటిసారి చెవిన పడేది అలాంటి సందర్భంలోనే. అందుకే అది తల్లిదండ్రులకు అడ్డం పడే చట్టమనీ, దాని పనంతా సమాచారాన్ని దాచిపెట్టడమేననీ ఒక అభిప్రాయం పాతుకుపోయింది. చట్టాన్ని తెరిచి చదివితే వరస వేరుగా ఉంటుంది. అందులో మొదట వచ్చేది రికార్డును చూసే హక్కు. ఇతరులకు ఇవ్వకూడదన్న నిబంధన దాని తర్వాతే వస్తుంది. విద్యార్థి తన చేతులతో తాను వాడుకోగలిగింది కూడా ఆ మొదటి హక్కే.

ఈ చట్టం 1974 ఆగస్టు 21న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకంతో వచ్చింది. ప్రతిపాదించింది న్యూయార్క్ సెనేటర్ జేమ్స్ బక్లీ కాబట్టి దీన్ని బక్లీ సవరణ అని కూడా అంటారు. అప్పట్లో స్కూళ్లలో ఒక్కో విద్యార్థి పేరు మీద ఫైలు ఉండేది. మార్కులతో పాటు టీచర్లూ కౌన్సెలర్లూ రాసిన అభిప్రాయాలు, ప్రవర్తన గురించిన వ్యాఖ్యలు అందులో పేరుకుపోయేవి. పోలీసులో, ఉద్యోగం ఇచ్చేవాళ్లో అడిగితే ఆ ఫైలు బయటికి వచ్చేది. ఆ పిల్లల తల్లిదండ్రులు అడిగితే మాత్రం రాదు. ఎవరి గురించి రాశారో వాళ్లకు తప్ప మిగతా అందరికీ ఫైలు అందుబాటులో ఉండటమే బక్లీకి కనిపించిన అన్యాయం. పెద్దగా కమిటీ విచారణలు జరక్కుండానే ఇది విద్యా బిల్లులో చేరిపోయింది. రహస్యమని నమ్మి రాసిన పాత సిఫారసు లేఖలు విద్యార్థుల చేతికి వెళ్లిపోతాయని యూనివర్సిటీలు గగ్గోలు పెట్టడంతో అదే ఏడాది డిసెంబరు 31న కాంగ్రెస్ సవరణలు చేసింది. 1975 జనవరి 1 కంటే ముందు ఫైల్లో చేరిన రహస్య సిఫారసు లేఖలను విద్యార్థికి చూపించనక్కర్లేదని తేల్చింది అప్పుడే.

పిల్లలు స్కూల్లో ఉన్నంతకాలం ఈ హక్కులన్నీ తల్లిదండ్రులవి. 18 ఏళ్లు నిండినా, ఏ వయసులోనైనా కాలేజీలో చేరినా అవి పూర్తిగా విద్యార్థికి బదిలీ అవుతాయి. పదహారేళ్లకే యూనివర్సిటీలో చేరిన పిల్లవాడికైనా అక్కడి రికార్డుల మీద హక్కు అతనిదే. ప్రైవేటు యూనివర్సిటీలకు ఇది వర్తించదేమోనన్న అనుమానం అక్కర్లేదు. ఫెడరల్ విద్యాశాఖ నిధులు తీసుకునే ప్రతి సంస్థకీ వర్తిస్తుంది. విద్యార్థులకు ఫెడరల్ రుణాలు, గ్రాంట్లు అందించే సంస్థలన్నీ ఈ లెక్కలోకి వస్తాయి కాబట్టి దీని బయట ఉన్నవి బహు కొద్ది.

ఏది రికార్డు అన్న ప్రశ్న దగ్గరే అసలు చిక్కులన్నీ మొదలవుతాయి. చట్టం రెండే షరతులు పెట్టింది. ఆ సమాచారం నేరుగా విద్యార్థికి సంబంధించినదై ఉండాలి, దాన్ని యూనివర్సిటీ గానీ దాని తరఫున పనిచేసేవాళ్లు గానీ భద్రపరిచి ఉంచాలి. కాగితమా, కంప్యూటర్ ఫైలా, వీడియోనా అన్నది ముఖ్యం కాదు. అంటే ట్రాన్‌స్క్రిప్ట్ (కోర్సులూ గ్రేడ్లూ ఉండే పట్టిక) ఒక్కటే కాదు, క్రమశిక్షణ కేసు ఫైలు, ఫైనాన్షియల్ ఎయిడ్ కాగితాలు, అడ్వైజర్ రాసి సిస్టమ్‌లో పెట్టిన నోట్లు, చేరాక భద్రపరిచిన అడ్మిషన్ దరఖాస్తు కూడా రికార్డులే. ప్రొఫెసర్ తన జ్ఞాపకం కోసం రాసుకుని ఎవరికీ చూపించని నోట్సు మాత్రం లెక్కలోకి రాదు. అదే నోట్సును సహోద్యోగికి ఒక్కసారి పంపితే ఆ మినహాయింపు పోతుంది. క్యాంపస్ పోలీసులు శాంతిభద్రతల కోసం రాసుకున్నవీ, విద్యార్థి డిగ్రీ పూర్తిచేసి వెళ్లిపోయాక పూర్వ విద్యార్థిగా అతని గురించి సేకరించినవీ దీని కిందికి రావు.

భద్రపరచడం అన్న షరతుకు కోర్టులు ఇచ్చిన అర్థం విద్యార్థికి అంత అనుకూలంగా లేదు. ఓక్లహోమా నుంచి వచ్చిన ఒవాసో కేసులో సుప్రీంకోర్టు 2002లో ఏకగ్రీవంగా ఒక తీర్పు ఇచ్చింది. క్లాసులో పిల్లలు ఒకరి పేపర్ ఒకరు దిద్దుకున్నప్పుడు, టీచర్ ఆ మార్కులు తీసుకోకముందు అది రికార్డు కాదని చెప్పింది. 2009లో కాలిఫోర్నియాలోని ఒక ఫెడరల్ జిల్లా కోర్టు ఇదే దారిలో ఇంకాస్త ముందుకు వెళ్లి, విద్యార్థి గురించి సిబ్బంది రాసుకున్న ఈమెయిళ్లన్నీ రికార్డులు కావనీ, ప్రింటు తీసి ఫైల్లో పెట్టినవే రికార్డులనీ తేల్చింది. ఒక స్కూలు పిల్లవాడి కేసులో వచ్చిన తీర్పు అది, దేశమంతా కట్టుబడాల్సినదీ కాదు. అయినా దాని వెనకున్న తర్కం ఇబ్బందికరమైనది. ఈరోజుల్లో విద్యార్థి గురించి నిర్ణయాలన్నీ నడిచేది ఈమెయిళ్లలోనే. ఫైల్లో పెట్టాలా వద్దా అన్నది సంస్థ ఇష్టమే అయితే, ఏది రికార్డో తేల్చే అధికారం కూడా సంస్థకే ఇచ్చినట్టు అవుతుంది.

చూసే హక్కు ఎలా పనిచేస్తుందంటే, విద్యార్థి అడిగిన 45 రోజుల్లోపు యూనివర్సిటీ రికార్డును చూపించాలి. అర్థం కానిచోట వివరణ అడిగితే చెప్పాలి. కాపీ ఇచ్చి తీరాలన్న నియమం మాత్రం లేదు. కాపీ ఇవ్వకపోతే చూసే హక్కే పోయేంత దూరంలో విద్యార్థి ఉంటే అప్పుడు కాపీ ఇవ్వడమో, చూసేందుకు మరో ఏర్పాటు చేయడమో తప్పదు. డిగ్రీ అయ్యాక వేరే దేశానికి వెళ్లిపోయినవాళ్లకు ఈ చిన్న నియమం చాలా పనికొస్తుంది. కాపీకి డబ్బు తీసుకోవచ్చు గానీ, రికార్డు వెతికినందుకు తీసుకోకూడదు. ఫీజు బాకీ ఉంటే అధికారిక ట్రాన్‌స్క్రిప్ట్ ఆపేయడాన్ని ఫెర్పా అడ్డుకోదు. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలు విడిగా చట్టం చేసి ఆ పద్ధతిని ఆపాయి. బాకీ ఉన్నా సరే, రికార్డును కంటితో చూడనివ్వడం మాత్రం ఎక్కడైనా తప్పదు.

ఈ హక్కుకు ఎంత బలం ఉందో 2015 జనవరిలో స్టాన్‌ఫర్డ్‌లో బయటపడింది. విద్యార్థులు నడిపే ఒక న్యూస్‌లెటర్, అడ్మిషన్ ఆఫీసు దగ్గరున్న సొంత ఫైలును ఫెర్పా కింద ఎలా అడగాలో పాఠకులకు వివరంగా చెప్పింది. వరసగా అభ్యర్థనలు వెళ్లాయి. గడువు లోపల యూనివర్సిటీ చూపించక తప్పలేదు. దరఖాస్తు చదివినవాళ్లు వేసిన స్కోర్లూ రాసిన వ్యాఖ్యలూ ఆ ఫైళ్లలో ఉన్నాయి. తనకు సీటు ఎందుకు వచ్చిందో, ఎవరు ఏ మాటలతో ఒప్పుకున్నారో చదువుకునే అవకాశం విద్యార్థులకు దొరికింది. ఆ తర్వాత జరిగింది మాత్రం బాధ కలిగించేదే. యేల్ లా స్కూల్ లాంటి కొన్నిచోట్ల, విద్యార్థి చేరిపోయాక అలాంటి మూల్యాంకనాలను ఉంచకుండా తొలగించడం మొదలుపెట్టారు. ఇది చట్టవిరుద్ధం కాదు. ఏ రికార్డును ఎన్నాళ్లు ఉంచాలో ఫెర్పా చెప్పదు. అది పెట్టిన పరిమితి ఒక్కటే: చూస్తానని విద్యార్థి అడిగి, ఆ అభ్యర్థన ఇంకా తేలకుండా ఉంటే, ఆ రికార్డును నాశనం చేయకూడదు. కాబట్టి ఎప్పుడు అడిగారన్నదే ఇక్కడ కీలకం. చూపించాల్సి వస్తుందని తెలిసి రికార్డును ఉంచుకోవడమే మానేసిన సంస్థను చట్టం తప్పు పట్టలేదు, కానీ ఈ చట్టం ఏ ఉద్దేశంతో పుట్టిందో ఆలోచిస్తే అది సరైన పని కాదు. సీటు రానివాళ్లకైతే అసలు ఈ హక్కే లేదు. విద్యార్థి అంటే ఆ సంస్థలో చేరి చదివినవాళ్లు మాత్రమే.

సిఫారసు లేఖల సంగతి కూడా ఇక్కడే వస్తుంది. అమెరికన్ యూనివర్సిటీకి దరఖాస్తు చేసే ప్రతి ఒక్కరికీ ఫారంలో ఒకచోట, లేఖను చూసే హక్కు వదులుకుంటారా అన్న ప్రశ్న ఎదురవుతుంది. చాలామంది టెన్షన్‌లో, అసలు అదేమిటో తెలియకుండానే ఏదో ఒకటి నొక్కేస్తారు. వదులుకోవడం పూర్తిగా స్వచ్ఛందం. వదులుకుంటేనే దరఖాస్తు తీసుకుంటామని ఏ సంస్థా షరతు పెట్టకూడదు. వదులుకున్నాక కూడా లేఖలు రాసినవాళ్ల పేర్లు అడిగితే చెప్పాలి. ఆ లేఖను ఏ పని కోసం తీసుకున్నారో దానికే వాడాలి. హక్కు వదులుకోని దరఖాస్తుదారు లేఖను అడ్మిషన్ కమిటీ తేలిగ్గా తీసుకుంటుందన్న భయం చాలామందిలో ఉంది, లేఖ రాసే ప్రొఫెసర్లలో కొందరు అలాగైతే రాయమని కూడా అంటారు. కాగితం మీద స్వచ్ఛందమే అయినా, ఆచరణలో విద్యార్థికి మిగిలే స్వేచ్ఛ అంతంతమాత్రమే.

రికార్డులో తప్పుంటే సరిదిద్దమని అడిగే హక్కు కూడా ఉంది. సంస్థ ఒప్పుకోకపోతే విచారణ జరపాలి, అక్కడా కాదంటే విద్యార్థి తన వాదనను రాసి ఆ రికార్డుతో పాటే ఉంచమనొచ్చు. ఆ రికార్డు ఎవరికి ఇచ్చినా ఆ వివరణ కూడా దాంతో వెళ్లాలి. బి రావాల్సినచోట సి ఇచ్చారని వాదించడానికి మాత్రం ఇది దారి కాదు. బి వేసి సి అని ఎక్కించారంటే సరిదిద్దించుకోవచ్చు, అంతవరకే.

ఇక గోప్యత. సూత్రం సులువైనదే. ఏ రికార్డు, ఎవరికి, ఎందుకు అన్నది రాసి, తేదీ వేసి విద్యార్థి సంతకం చేస్తే తప్ప బయటికి ఇవ్వకూడదు. పేర్లతోనో సోషల్ సెక్యూరిటీ నంబర్ చివరి అంకెలతోనో మార్కుల జాబితాను తలుపుకు అంటించడం, దిద్దిన పేపర్లను కారిడార్‌లో కుప్పగా పెట్టి ఎవరిది వాళ్లు వెతుక్కోమనడం ఈ నియమానికి విరుద్ధమే. అయితే మినహాయింపుల పట్టిక పొడుగ్గానే ఉంది. విద్యాపరమైన అవసరం ఉన్న సిబ్బంది, విద్యార్థి బదిలీ కోరుకున్న మరో కాలేజీ, ఆర్థిక సహాయం ఇచ్చే సంస్థలు, కాలేజీలకు గుర్తింపు (అక్రెడిటేషన్) ఇచ్చేవాళ్లు, కోర్టు ఆదేశాలు ఇందులో ఉన్నాయి. కోర్టు సమన్లు వచ్చినప్పుడు సాధారణంగా ముందే విద్యార్థికి తెలియజేసే ప్రయత్నం చేయాలి. ఉగ్రవాద దర్యాప్తుకు సంబంధించిన ఆదేశాల విషయంలో 2001 పేట్రియాట్ చట్టం ఆ అవసరం కూడా లేకుండా చేసింది.

అన్నిటికన్నా పెద్ద సందు డైరెక్టరీ ఇన్ఫర్మేషన్, అంటే విడిగా అనుమతి లేకుండానే బయటికి ఇవ్వగల మామూలు వివరాలు. పేరు, చిరునామా, ఫోన్, ఈమెయిల్, ఫొటో, పుట్టిన తేదీ, మేజర్ (ప్రధాన సబ్జెక్టు), చదివిన కాలం, వచ్చిన డిగ్రీలు, క్రీడా జట్టులో ఉంటే ఎత్తూ బరువూ కూడా ఇందులో చేర్చొచ్చు. తన జాబితాలో ఏమేం ఉన్నాయో యూనివర్సిటీ ముందే ప్రకటించాలి, వద్దనుకునే విద్యార్థికి ఆ మాట చెప్పుకునే గడువు ఇవ్వాలి. అలా చెప్పనివాళ్ల వివరాలను ఎవరడిగినా ఇచ్చేయొచ్చు. ఇవ్వాల్సిన బాధ్యత లేదు, కానీ అడ్డూ లేదు. సోషల్ సెక్యూరిటీ నంబరును, గ్రేడ్లను ఈ జాబితాలో చేర్చకూడదు. వద్దని చెప్పేముందు ఆలోచించాల్సిన విషయం ఇంకొకటి ఉంది. చాలాచోట్ల అది మొత్తానికి మొత్తంగా పడే తాళం. ఉద్యోగం ఇవ్వబోయే కంపెనీ డిగ్రీ నిజమా కాదా అని అడిగినా, అలాంటి విద్యార్థి గురించి మా దగ్గర సమాచారం లేదన్న జవాబే వెళ్తుంది. స్నాతకోత్సవ పుస్తకంలో పేరు పడకపోవచ్చు. ఎవరైనా వెంటాడుతున్నారన్న భయం ఉన్న విద్యార్థికి ఆ తాళం ప్రాణరక్షణ. ఊరికే జాగ్రత్త కోసం వేసుకున్నవాళ్లు మాత్రం వెళ్లిపోయేముందు తీసేయించుకోవాలి. చదువుకునే రోజుల్లో వద్దన్నమాటను వెళ్లిపోయాక కూడా యూనివర్సిటీ పాటించి తీరాలి కాబట్టి, అది దానంతట అదే పోదు.

తల్లిదండ్రుల విషయానికొస్తే, చట్టం వాళ్లకు తలుపు పూర్తిగా మూయలేదు. అమెరికా పన్ను చట్టం ప్రకారం విద్యార్థి తమ మీద ఆధారపడినవాడని చూపించగలిగితే, అతని అనుమతి లేకుండానే వాళ్లకు రికార్డు ఇవ్వొచ్చు. 1998 సవరణ తర్వాత, 21 ఏళ్లలోపు విద్యార్థి మద్యం, మాదకద్రవ్యాల నిబంధనలు ఉల్లంఘిస్తే ఆ సంగతి చెప్పొచ్చు. అన్నిచోట్లా ఉన్నది చెప్పొచ్చు అన్నదే, చెప్పి తీరాలని ఎక్కడా లేదు. అందుకే ఒక యూనివర్సిటీ చెప్పేది ఇంకో యూనివర్సిటీ చెప్పదు. విదేశాల్లో ఉండే తల్లిదండ్రులు అమెరికాలో పన్ను రిటర్ను వేయరు కాబట్టి ఆ మొదటి దారి వాళ్లకు ఆచరణలో లేనట్టే. గ్రేడ్లు తెలియాలంటే వాళ్లకు మిగిలిన మార్గం విద్యార్థి రాతపూర్వక అనుమతి ఒక్కటే. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థి తన ఆన్‌లైన్ ఖాతాలోంచే ఈ అనుమతి ఇవ్వొచ్చు, కావాలనుకున్నప్పుడు వెనక్కి తీసుకోవచ్చు. ఇంటికీ పిల్లలకూ మధ్య నడవాల్సిన సంభాషణ ఇది. రిజిస్ట్రార్ ఆఫీసు గుమస్తాతో పోట్లాడి ప్రయోజనం లేదు.

చట్టాన్ని అతిగా అర్థం చేసుకోవడం ఎంత ప్రమాదమో 2007 ఏప్రిల్ 16న తెలిసింది. వర్జీనియా టెక్‌లో ఒక విద్యార్థి 32 మందిని కాల్చి చంపాడు. అతని ప్రవర్తన గురించి ఇంగ్లీషు విభాగానికి కొంత తెలుసు, హాస్టల్ సిబ్బందికి కొంత, క్యాంపస్ పోలీసులకు కొంత. గోప్యతా చట్టాలు ఒప్పుకోవన్న భయం కూడా తోడై ఆ ముక్కలన్నీ ఒకచోటికి చేరలేదని రాష్ట్ర సమీక్షా సంఘం గుర్తించింది. నిజానికి ప్రాణాపాయం ఉన్నప్పుడు సమాచారం పంచుకోవచ్చన్న మినహాయింపు అప్పటికే ఉంది, దాన్ని చాలా ఇరుగ్గా చదవాలన్న మాట నిబంధనల్లో ఉండేది. 2008 డిసెంబరులో ఆ మాటను తీసేశారు. ఫలానా ముప్పు ఉందని సంస్థ హేతుబద్ధంగా చెప్పగలిగితే చాలు, ఆ నిర్ణయాన్ని విద్యాశాఖ తర్వాత తప్పు పట్టదని రాశారు. ఇంకో సంగతి చాలామంది అధ్యాపకులకు తెలియదు. ఫెర్పా కాపాడేది రికార్డునే. క్లాసులో ఒక విద్యార్థి కుంగిపోయి కనిపించాడని ప్రొఫెసర్ కళ్లారా చూస్తే, ఆ చూసిన సంగతి ఎవరికి చెప్పడానికీ ఈ చట్టం అడ్డు రాదు.

క్యాంపస్ క్లినిక్ రికార్డులది మరో కథ. ఆసుపత్రులకు వర్తించే హిపా చట్టమే ఇక్కడా కాపాడుతుందని విద్యార్థులు అనుకుంటారు. సాధారణంగా వర్తించేది ఫెర్పానే. ఒరెగన్ విశ్వవిద్యాలయంలో లైంగిక దాడి వ్యవహారంలో యూనివర్సిటీ మీద దావా వేసిన ఒక విద్యార్థిని కౌన్సెలింగ్ రికార్డులు సంస్థ న్యాయవాదుల దాకా వెళ్లడం పెద్ద దుమారం రేపింది. ఆ తర్వాత 2016 ఆగస్టులో విద్యాశాఖ, కోర్టు ఆదేశం గానీ విద్యార్థి అనుమతి గానీ లేకుండా చికిత్స రికార్డులను అలా పంచుకోవద్దని కాలేజీలకు లేఖ రాసింది. లేఖ మంచిదే. చట్టంలోనే ఆ గోడ ఉండి ఉంటే ఇంకా బాగుండేది.

ఎఫ్-1 (చదువు కోసం ఇచ్చే) వీసా మీద వచ్చిన విద్యార్థులకు గోప్యత ఇంకొంచెం పలచబడుతుంది. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద సంతకం పెట్టేచోట, వీసా హోదా తేల్చడానికి అవసరమైన సమాచారాన్ని హోంల్యాండ్ సెక్యూరిటీకి ఇవ్వడానికి ఒప్పుకుంటున్నట్టు ఒక వాక్యం ఉంటుంది. దానికి తోడు 1996 వలస చట్టం, విదేశీ విద్యార్థుల నిఘా వ్యవస్థకు కావలసిన మేరకు ఫెర్పా వర్తించదని చెప్పింది. చిరునామా, కోర్సు లోడు తగ్గడం, చదువు ఆపేయడం లాంటివన్నీ యూనివర్సిటీ ఆ వ్యవస్థలో, అంటే సెవిస్‌లో ఎక్కించాల్సిందే. కావలసిన మేరకు అన్న మాటను మాత్రం గుర్తుపెట్టుకోవాలి. వీసాతో సంబంధం లేని రికార్డులకు విదేశీ విద్యార్థికీ అమెరికన్ విద్యార్థికీ ఒకే రక్షణ ఉంది.

యూనివర్సిటీ సమాచారం ఇప్పుడు యూనివర్సిటీ గోడల మధ్యే ఉండటం లేదు. పాఠాలు, పరీక్షలు, కాపీ కొట్టారా అన్న పరిశీలన, ఈమెయిల్ అన్నీ బయటి కంపెనీల సర్వర్ల మీదే నడుస్తున్నాయి. సంస్థ చేయాల్సిన పనిని సంస్థ నియంత్రణలో చేస్తున్నారు కాబట్టి ఆ కంపెనీలు కూడా సిబ్బంది లెక్కలోకే వస్తాయని నిబంధనలు చెబుతున్నాయి. 2023లో మూవిట్ అనే ఫైల్ బదిలీ సాఫ్ట్‌వేర్‌లోని లోపంతో, డిగ్రీలు ధ్రువీకరించే నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్‌హౌస్ దగ్గరి నుంచి వందల కాలేజీల సమాచారం దొంగల చేతిలో పడింది. అలాంటప్పుడు విద్యార్థికి విడిగా తెలియజేయాలన్న నియమం ఫెర్పాలో లేదు, ఆ బాధ్యతను రాష్ట్రాల చట్టాలు మోస్తున్నాయి. రికార్డు ఎవరెవరికి ఇచ్చారో రాసిపెట్టే పట్టీని విద్యార్థి అడిగి చూడొచ్చన్నది మంచి హక్కే. కానీ సిబ్బందికి ఇచ్చినవాటిని అందులో రాయనక్కర్లేదు. కంపెనీలు సిబ్బందిగా లెక్కకు రావడంతో ఎక్కువ సమాచారం వెళ్తున్న దారే ఆ పట్టీలో కనిపించకుండా పోయింది. 1974 నాటి ఇనుప బీరువాల కోసం రాసిన చట్టం వెనకబడిపోయింది ఇక్కడే.

సమాచారం బయటపడితే ఫెర్పా కింద కోర్టుకు వెళ్లొచ్చా? వెళ్లలేరు. వాషింగ్టన్ రాష్ట్రంలోని గొంజాగా యూనివర్సిటీలో టీచర్ కావాలని చదువుతున్న ఒక విద్యార్థి మీద వచ్చిన ఆరోపణను అక్కడి ఉద్యోగి ఒకరు చాటుగా విని, అతని పేరుతో సహా రాష్ట్ర అధికారులకు చెప్పారు. అతనికి టీచర్ సర్టిఫికేషన్‌కు కావలసిన సత్ప్రవర్తన పత్రం దక్కలేదు. అతను దావా వేస్తే జ్యూరీ అన్నీ కలిపి 11 లక్షల డాలర్లకు పైగా పరిహారం ఇమ్మంది, అందులో 4.5 లక్షలు ఫెర్పా కింద. 2002 జూన్‌లో సుప్రీంకోర్టు 7-2తో ఆ ఫెర్పా భాగాన్ని కొట్టేసింది. ఈ చట్టం యూనివర్సిటీలకు నిధులతో ముడిపెట్టిన షరతే తప్ప, దీని ఆధారంగా దావా వేసే హక్కు వ్యక్తులకు లేదని చెప్పింది. అసలు శిక్ష ఫెడరల్ నిధులు ఆపేయడం. అంత పెద్ద శిక్ష వేస్తే నష్టపోయేది విద్యార్థులే కాబట్టి ఏ యూనివర్సిటీకీ అది వేసిన దాఖలా లేదు. మామూలుగా జరిగేది విద్యాశాఖ తప్పును ఎత్తిచూపడం, సంస్థ పద్ధతి మార్చుకుంటానని ఒప్పుకోవడం.

ఒకసారి బయటికి పోయిన రహస్యం తిరిగి రాదు, దానికి ఫెర్పా కింద పరిహారమూ రాదు. చూపించాల్సిన ఫైలు చూపించకపోవడం అలా కాదు. ఫిర్యాదు వెళ్తే ఆ తప్పును ఈరోజు కాకపోతే రేపు సరిదిద్దొచ్చు. అందుకే చదువుతున్న రోజుల్లోనే ఒకసారి రాతపూర్వకంగా అడగడం మేలు. రికార్డులన్నీ ఒకేచోట ఉండవు కాబట్టి రిజిస్ట్రార్, డిపార్ట్‌మెంట్, అడ్మిషన్స్, స్టూడెంట్ కండక్ట్ ఆఫీసు అని పేరుపేరునా రాయాలి. ఎవరెవరికి ఇచ్చారో చెప్పే పట్టీని కూడా అదే ఉత్తరంలో అడగాలి, తేదీ వేసి ఒక కాపీ దగ్గర పెట్టుకోవాలి. 45 రోజులు దాటినా కదలిక లేకపోతే విద్యాశాఖలోని స్టూడెంట్ ప్రైవసీ పాలసీ ఆఫీసుకు ఫిర్యాదు చేయొచ్చు. దానికి లాయర్ అక్కర్లేదు. ఫిర్యాదు చేయాల్సింది విద్యార్థే, అతని తరఫున ఇంట్లోవాళ్లు చేస్తే చెల్లదు. ఉల్లంఘన జరిగిందని తెలిసిన రోజు నుంచి 180 రోజుల్లోపు అది అక్కడికి చేరాలి.